సుబ్బారావు గారి ఎముకల నేను పట్టిన అతుకు

డైనోసార్లు ఎట్ల సచ్చిపోయినయో ఇప్పటికి పెద్ద పెద్దోళ్లు కొట్లాడుకుంటనే ఉన్నరు. గదంత నాకు తెల్వదు. కానీ సచ్చి రాయైనంక గూడ దాన్ని ఇడిసిపెట్టకుండ వెన్నుపూస విరగ్గొట్టిన మనిషి ఒకడున్నడు. గా మొనగాణ్ని నేనే. ఎట్ల విరగ్గొట్టిన్నో చెప్త, ఇనుండ్రి. నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. మా ఇంట్లోళ్లు ఇప్పటిదాంక నవ్వు ఆపలే.

తొంభైలల్ల మేము పోతిరెడ్డిపల్లిల కిరాయికుంటుంటిమి. నేను పటాన్‌చెరుల ఇనుము కరిగిచ్చి పోత పోసే ఒక ఫౌండ్రీల ఇన్‌స్పెక్టర్‌ను. పక్క పోర్షన్ల సుబ్బారావు గారు. భీమవరం దిక్కు నుంచి సర్కారు ఫ్యాక్టరీ కొలువుకు వచ్చిండు. ఎవలను ఒక్క మాట అననోడు, బంగారమసొంటి మనిషి. నాకు ఆయనతోని ఉన్న తకరారే గది.

ఆయన బామ్మర్ది బొగ్గు గనులల్ల పని చేస్తడు. ఒకపారి గోనెసంచిల ఒక రాయి తెచ్చిండు. టెంకాయంత గుండు, దాని మీద చిన్న కమాను, కమానుకు రెండు దిక్కుల సన్నటి కొమ్ములు. "డైనోసార్ వెన్నుపూసండీ మల్లేశం గారూ! ఎముకే రాయైపోయిందట," అనుకుంట సుబ్బారావు గారు దాన్ని టీవీ మీద పెట్టిండు.

ఇగ మొదలైంది నా పరేషాన్. గల్లీ అంత వాళ్లింట్లనే. నేను కొత్త స్కూటర్ తెచ్చిన్నాడు ఒక్కడు తొంగి సూడలే. మా అత్తమ్మ జహీరాబాద్ నుంచి వచ్చి, చెప్పులు గూడ ఇడువకముందే, "గా ఎముక ఏ ఇంట్ల ఉన్నది బిడ్డా?" అన్నది. మా పిల్ల బడిల సైన్సు ప్రదర్శన పెడితే ముఖ్య అతిథి ఎవలు? ఎముక సుబ్బారావు!

"గాయినకు ఎముక దొరికితె నీ కడుపులెందుకు మంట?" అన్నది మా ఆమె పద్మ.

"మంట గాదు, డౌటు," అన్న.

డౌటు పడుడే నా కొలువు మరి. పోత ముక్కల బొక్క పడితే కొందరు దాంట్ల లప్పం కుక్కి, మీద రంగేసి పంపుతరు. గసొంటి అతుకులు నేను ఆమడ దూరం నుంచే పసిగడ్త. ఒకనాడు సుబ్బారావు గారు కాఫీకి పిలిస్తే పోయిన. ఒక చేతుల కప్పు, ఇంకో చేతుల ఎముక. గుండుకు కమానుకు నడుమ వంకర టింకర గీత! గీత పొంటి ఎండిన జిగురు! ఒక జంతువు మీద ఇంకో జంతువును అతికిచ్చిండ్రు! గా దినం కాఫీల చక్కెర తక్కువున్నా ఎంత తియ్యగనిపిచ్చిందో.

గుట్టుగ ఆయన చెవుల చెప్పొచ్చు గదా అంటరు మీరు. గుట్టుగ చెప్తే నలుగురికి ఎట్ల తెలుస్తది?

ప్రదర్శన రోజు హైదరాబాద్ నుంచి భూగర్భశాస్త్రం చెప్పే మేడమ్ వచ్చింది. సుబ్బారావు గారి మీద శాలువ కప్పిండ్రు. నేను జేబుల థిన్నర్ సీస, దూది పెట్టుకొని ముందు వరుసల కూసున్న. మేడమ్ ఎముక దగ్గరికి పోంగనే లేచిన.

"మేడమ్, గిది నకిలీ!"

హాలంత నా దిక్కే తిరిగింది.

"ఏమైందండీ మల్లేశం గారూ?" అన్నడు సుబ్బారావు గారు, నవ్వుకుంటనే.

"సూపిస్త!" దూదిని థిన్నర్ల ముంచి గీత పొంటి రుద్దిన. జిగురు మెత్తబడి తీగలెక్క సాగింది. "సూడుండ్రి! కింద ఒక జంతువు, మీద ఇంకోటి!"

"ఆగండి! ముట్టుకోకండి!" అని మేడమ్ ఉరికొచ్చింది.

ఫౌండ్రీల ఎవలన్న ఆగుమంటె మాకు అనుమానం ఇంక ఎక్కువైతది. కమాను పట్టి మెలితిప్పిన. గుండు వేరు, కమాను వేరు అయినయి. "సూశిండ్రా!" అని కమానును కప్పు గెలిసినోని లెక్క పైకి లేపిన. టప్పుమన్నది. కొమ్ము నా చేతుల, మిగిలింది బల్ల మీద.

మేడమ్ ముక్కలన్ని భూతద్దం కింద పెట్టి సూసింది.

"జిగురు ఉన్న మాట నిజమే," అన్నది. నేను మీసం దువ్వుకున్న.

"కానీ రెండు జంతువులు కాదు. దీని గట్లు దాని గాడుల్లో ఎంత సరిగ్గా కూర్చుంటున్నాయో చూడండి. రంగూ ఒకటే. వేరే ఎముక తెచ్చి అతికిస్తే ఇలా కుదరదు. తవ్వేటప్పుడు ఊడిన ముక్కను ఎవరో దాని చోటనే అంటించారు. మరమ్మతు వేరు, నకిలీ వేరు."

"మరి గా గీత, మేడమ్?" అని మీసం మీదికెంచి చెయ్యి తీసిన.

"అదే కదండీ అసలు సంగతి! చిన్నతనంలో ఈ గుండూ కమానూ విడిగా ఉంటాయి, పెద్దయ్యాక కలిసిపోతాయి. అంటే ఇది పిల్ల డైనోసార్! పెద్దవాటి ఎముకలకన్నా అరుదు!"

చప్పట్లతోని రేకులు అదిరినయి. సుబ్బారావు గారికి ఇంకో శాలువ. గాయినేమో ఉరికొచ్చి నన్ను అలుముకున్నడు. "మేము రోజూ తుడుస్తున్నా కనబడలేదండీ. ఏం కన్నండీ మీది!" కొట్టినా బాగుండు. కొమ్ము విరిగిన సంగతి ఒక్క మాట అడగలే.

తర్వాత ఆయన ఎముకను మేడమ్ కాలేజీకే ఇచ్చేసిండు. రెండు నెలలకు మమ్మల్ని అందర్ని సూడ పిలిచిండ్రు. అద్దాల పెట్టెల ఎముక, ముంగట కార్డు. "ఎక్కడ విరిగింది, ఎవరి చేతిలో విరిగింది, దేనితో అతికించాం, అన్నీ రాయాలి. రేపు చూసేవాళ్లు మోసపోకూడదు కదా," అన్నది మేడమ్. పద్మ గట్టిగ సదివింది:

"పిల్ల డైనోసార్ వెన్నుపూస. ఇచ్చినవారు: సుబ్బారావు. కుడి కొమ్ము విరగ్గొట్టినవారు: మల్లేశం, ఫౌండ్రీ ఇన్‌స్పెక్టర్, పోతిరెడ్డిపల్లి, సంగారెడ్డి."

నేను మొఖం యాడ దాచుకుందునా అని సూస్తున్న. సుబ్బారావు గారు కార్డును ఒకటికి రెండుసార్లు సదివిండు. నేను ఎరిగినకాంచి మొదటిసారి ఆయన మొఖం సిన్నబోయింది.

"మీకు ఉద్యోగం, ఊరు అన్నీ వేశారండీ," అన్నడు. "నాకు వట్టి పేరే వేశారు."

గా అద్దాల పెట్టె సాక్షిగ ఒట్టు పెట్టుకున్న. ఈ జన్మల ఇంకొకరి ఎముకను ముట్టను. ముట్టినా తిప్పను. తిప్పినా పైకి లేపను. డైనోసారే లేచొచ్చి, "అన్నా, జెర నా నడుము సూడే," అని బతిమిలాడినా సరే, రెండు చేతులు జేబుల పెట్టుకొని పక్క గల్లీకెంచి పోత.