బండి రెండో తాళం

ఆమె గొంతుకి రంగు లేదని ఆఫీసులో అందరూ ఒప్పుకున్న మాటే. పందొమ్మిదేళ్లుగా ఫోనులో జనం అభిప్రాయాలు అడిగి రాసుకోవడమే ఆమె ఉద్యోగం. సబ్బుల మీద అడిగింది, సీరియళ్ల మీద అడిగింది, చెత్త బండి ఏ టైముకి వస్తే బాగుంటుందో అడిగింది. ఒకసారైతే మూడు నెలల పాటు దోమల మీద అడిగింది. చేరిన మొదటిరోజు శిక్షణ ఇచ్చిన పెద్దావిడ బల్ల మీద దర్జీ టేపు ఒకటి పరిచి, "దీనికి గుడ్డ నచ్చిందో లేదో ఎవరైనా అడిగారా? రేపట్నుంచి మీరంతా ఇదే" అంది. మిగతావాళ్లు నవ్వారు. ఈమె మాత్రం ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

నియమాలు పెద్ద ఎక్కువేం లేవు. ప్రశ్న ఎలా ఉంటే అలాగే చదవాలి. "అయ్యో" అనకూడదు, "అలాగా" అనకూడదు. "సరేనండీ" అనొచ్చు. అవతలివాళ్లు తిట్టినా, ఏడ్చినా, మనవడు మొదటి అడుగు వేశాడని మురిసిపోయినా సరేనండీ, ఆ వెంటనే తర్వాతి ప్రశ్న. మరీ పట్టుబట్టి "ఇంతకీ మీరేమంటారు?" అని అడిగితే దానికీ ఒక వాక్యం అచ్చువేసి ఇచ్చారు: "మా అభిప్రాయం చెప్పడానికి వీల్లేదండీ." పందొమ్మిదేళ్లలో ఆ వాక్యం ఎన్నిసార్లు అని ఉంటుందో ఆమెకే తెలియదు.

చెప్పులకి అంటుకున్న దుమ్ములా ఆ గొంతు ఇంటికీ వచ్చేసింది. "అమ్మా, భోంచేశావా అని నువ్వడిగితే ఒకటి నుంచి అయిదులో ఏదో ఒక అంకె చెప్పాలనిపిస్తుందే" అనేది కూతురు, పెళ్లికి ముందు. మొగుడు మాటల్లో అంతకన్నా పొదుపు మనిషి. "మీ అమ్మకి కోపం వచ్చిందో లేదో గిన్నెల చప్పుడు విని తెలుసుకోవాలి" అనేవాడు. నిజానికి గిన్నెలు కూడా చప్పుడు చేసేవి కావు.

అతనికి ఒక వ్యాను ఉంది. ఇళ్లు మారేవాళ్ల సామాను మోస్తాడు. బీరువాని మెట్ల మలుపులో ఎలా తిప్పాలో, ఫ్రిజ్జుని ఏ వైపు వాల్చకూడదో అతనికి తెలిసినట్టు ఊళ్లో ఇంకొకరికి తెలియదని పేరు. ఇరవై రెండేళ్ల బండి. డ్రైవరు పక్క సీటు చిరిగినప్పుడు అతను లాగి పట్టుకుంటే ఆమె పాత కర్టెను గుడ్డతో కుట్టింది. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి చేసిన పనుల్లో కళ్లకి కనిపించేది అదొక్కటే.

ఆ ఏడాది డీజిలు ధర నాలుగోసారి పెరిగింది. పెరిగిన వారానికి వ్యాన్లవాళ్లు, లారీలవాళ్లు కలిసి ఊరి మధ్యనున్న పెద్ద వంతెన మీద బండ్లు అడ్డంగా పెట్టేశారు. ధర తగ్గిస్తే తప్ప తియ్యమన్నారు. అతనూ వెళ్లాడు. ఇంటివైపు నుంచి లెక్కపెడితే మూడో బండి అతనిది. రాత్రిళ్లు బండిలోనే పడుకునేవాడు. ఆమె ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, అన్నం డబ్బా సర్దుకుని, వంతెన దాకా నడిచి ఇచ్చి వచ్చేది. ఖాళీ డబ్బా తిరిగిచ్చి అతను "జాగ్రత్తగా వెళ్లు" అనేవాడు. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

ఏడో రోజున ఆఫీసుకి ఆ వంతెన మీదే సర్వే వచ్చింది.

"చేయించేది నగర కార్యాలయం," అన్నాడు సూపర్‌వైజరు, అందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకుంటూ. "మూడు రోజుల్లో లెక్క ఇవ్వాలి. సగం మంది కన్నా ఎక్కువ వద్దంటే క్రేన్లు పెట్టి లాగేస్తారట. ఇక్కడ విన్నది బయట అనకూడదు. అన్నారని తెలిస్తే ఉద్యోగం ఉండదు."

ఆమె సంతకం పెట్టింది. పక్క సీటు ఆవిడ, గలగలా మాట్లాడుతుందని అందరూ గంటమ్మ అని పిలిచే మనిషి, ఆమె చెవిలో "మీ ఆయన బండి అక్కడే కదే?" అంది.

"అవును."

"మరి?"

"మరి ఏముంది?"

గంటమ్మ ఆమె మొహం వంక కాసేపు చూసి, "నిన్ను గిల్లితే నాకే నొప్పి పుట్టేలా ఉంది" అని తన హెడ్‌ఫోను తగిలించుకుంది.

ప్రశ్న ఇది: ఇంధన ధరల పెంపుకు నిరసనగా రోడ్లు మూసివేయడాన్ని మీరు పూర్తిగా సమర్థిస్తారా, కొంతవరకు సమర్థిస్తారా, కొంతవరకు వ్యతిరేకిస్తారా, పూర్తిగా వ్యతిరేకిస్తారా?

"ధర పెరిగిందని మేమూ ఏడుస్తున్నాం తల్లీ. రోడ్డుకి అడ్డంగా పడుకుని ఏడుస్తున్నామా?" అన్నాడు ఒక గడియారాల రిపేరతను.

"రోడ్డు మూస్తేగానీ కొందరి చెవులు తెరుచుకోవు. పూర్తిగా అని రాసుకో. ఇంకా పెద్ద గడి ఏదైనా ఉంటే అందులో రాసుకో."

"మా ఆయన రెండు గంటలు బస్సులో ఇరుక్కున్నాడు. ఆయనకి షుగరు. ఒంటికి ఎక్కడ పోసుకోవాలి? దానికి నీ దగ్గర నంబరుందా?"

"నొప్పి నిజం, మందు తప్పు," అన్నాడు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. అది ఏ గడిలోకి వస్తుందని ఆమె అడిగితే, "గడులు గీసినవాడినే అడుగు" అన్నాడు.

ఇంకొకామె సమర్థిస్తాననే చెప్పింది, కాకపోతే ఆ వంతెన కాకుండా వేరే వంతెన అయితే బాగుండేదంది.

సరేనండీ. సరేనండీ. ఆమె అంకెలు నొక్కుతూ పోయింది. నాలుగో అంకె ఎక్కువసార్లు నొక్కుతున్నట్టు వేలికి తెలుస్తూనే ఉంది. ఒక్కోసారి నాలుగు బదులు రెండు నొక్కితే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన రానైతే వచ్చింది గానీ, వచ్చిన దారినే పోయింది. టేపుకి అలాంటివి పట్టవు.

మూడో రోజు మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చి, "నూటికి అరవై దాటింది. ఇంక మారేదేం లేదు. రేపు తెల్లవారగానే క్రేన్లు. మిగిలింది బండ్ల యజమానుల జాబితా, అది కూడా అయిందనిపించండి" అన్నాడు. పని వేళలో సెల్‌ఫోన్లు అల్మరాలో పెట్టి తాళం వేస్తారు. ఆమె అల్మరా వైపు ఒకసారి చూసి మళ్లీ తెర వైపు తిరిగింది.

నంబర్లు కలిపేది మిషను. కలిసిన నంబరు తెర మూల చిన్న అంకెల్లో పడుతుంది, ఆమె ఎప్పుడూ చూడదు. చూడటం ఎందుకు, ఎవరైతేనేం? అవతల ఎత్తిన చప్పుడు కాగానే చదవడం మొదలుపెట్టింది.

"నమస్కారమండీ, నగర ప్రజల అభిప్రాయ సేకరణ కోసం ఫోన్ చేస్తున్నాం. అయిదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

అవతల గొంతు రెండుసార్లు సవరించుకున్న చప్పుడు. "చెప్పండి మేడం, ఖాళీగానే ఉన్నాం. తొమ్మిది రోజుల నుంచీ ఖాళీయే."

రెండుసార్లు గొంతు సవరించుకునే మనిషి ఆమెకి ఒక్కడే తెలుసు. తెర మూల చూస్తే తన ఇంటి గోడ మీద పెన్సిలుతో రాసి ఉన్న నంబరే.

తెలిసినవాళ్లు తగిలితే వెంటనే పెట్టేసి తొమ్మిది నొక్కాలి. ఆ ఇంటర్వ్యూ రద్దవుతుంది. అది ఆమెకి తెలుసు. కానీ నోరు అప్పటికే ప్రశ్నలో ఉంది. ప్రశ్న మధ్యలో ఆపడం ఆ నోటికి అలవాటు లేదు. అతనికైతే ఇవతల ఎవరో తెలియలేదు. ఇరవై ఏడేళ్లు కాపురం చేసిన మనిషి.

"...పూర్తిగా వ్యతిరేకిస్తారా?"

"ఉండండి మేడం," అన్నాడు. బండి తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడు చెప్పొచ్చు. వ్యతిరేకిస్తాను. నాలుగోది."

"సరేనండీ."

"ఆశ్చర్యపోలేదేం మీరు? నేనిక్కడ వంతెన మీదే ఉన్నాను."

"మీ జవాబుకి కారణం చెప్పగలరా?"

"నిన్న ఒకాయన తల్లిని వీపున వేసుకుని ఈ బండ్ల సందులోంచి అవతలికి దాటించాడు. ఆవిడ చెప్పు జారి నా బండి ముందు పడింది. తీసిచ్చాను. ఆవిడ థాంక్స్ చెప్పింది మేడం. తిట్టినా బాగుండేది." మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "పోదామంటే తాళం నా దగ్గర లేదు. మొదటిరోజే అందరి తాళాలూ ఒక బిస్కెట్ డబ్బాలో వేసి మా నాయకుడు పెద్దన్నకి ఇచ్చేశాం. ఎవరూ మధ్యలో జారుకోకుండా. నా ఒక్కడిదీ ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"సరేనండీ. ఈ విషయంలో మీ కుటుంబ సభ్యుల అభిప్రాయం కూడా ఇదేనా?"

"మా ఆవిడదా?" నవ్వాడు. "తెలీదు. ఊరందరినీ అడగడమే ఆవిడ ఉద్యోగం. ఆవిడని అడిగేవాళ్లు లేరు. నేనూ అడగలేదు."

"సరేనండీ. మీ సమయానికి ధన్యవాదాలు."

తొమ్మిది నొక్కింది. తెర మీద ఆ జవాబులన్నీ చెరిగిపోయాయి. శాతం అంకె కదల్లేదు. గంటమ్మ సీటు వెనక్కి వాల్చి, "ఏంటే, నీళ్లు తాగుతావా?" అంది. ఆమె వద్దంది.

ఆ సాయంత్రం ఇంట్లో డబ్బా సర్దుతుంటే గోడకి మేకు మీద బండి రెండో తాళం కనిపించింది. బండి కొన్నప్పటి నుంచీ అక్కడే ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు. దాన్ని తీసి చిన్న కవరులో చుట్టి డబ్బా పై గిన్నెలో పెట్టింది. దారిలో చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకుంది. ఒక్కటే మాట. తీసెయ్యండి. వీధి మలుపులో ఒకసారి, మందుల షాపు ముందు ఒకసారి మనసులో అనుకుంది.

అతను బండి వెనక తలుపు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. పక్క బండి ముందు ముగ్గురు పేకాడుతున్నారు. వాళ్లలో తెల్ల మీసాలాయన పెద్దన్న. మోకాలి పక్కనే బిస్కెట్ డబ్బా.

"ఏమ్మా మరదలా, ఇవాళ మావాడు మంచి జోరు మీదున్నాడు," అన్నాడు పెద్దన్న. "ఎవరో సర్వే ఆవిడ ఫోన్ చేస్తే వంతెన దిగేదే లేదని వాయించి వదిలాడట!"

"అంతే కదన్నా మరి," అన్నాడు అతను, ఆమె వైపు చూడకుండా.

అన్నం డబ్బా మూత తీశాడు. కవరు చూశాడు. వేళ్లతో తడిమి, ఏమిటో అర్థమై, మూత సగం వేశాడు.

"రేపు పొద్దున క్రేన్లు వస్తాయి," అంది ఆమె, అతనికి మాత్రమే వినబడేలా.

"తొమ్మిది రోజుల నుంచీ వస్తూనే ఉన్నాయి అవి. దారిలో రోడ్డు మూసేసినట్టున్నారు." తన జోకుకి తనే నవ్వలేదు. ఆమె ఇంకా నిలబడే ఉండటం చూసి మెల్లగా అడిగాడు. "నిజంగానా? నువ్వేమంటావు? తియ్యమంటావా?"

ఇరవై ఏడేళ్లలో అతను ఆమెని ఏమంటావని అడగడం అదే మొదలు. మాట సిద్ధంగానే ఉంది. నోరు తెరిచింది.

"మా అభిప్రాయం చెప్పడానికి వీల్లేదండీ."

వచ్చింది అది. రంగులేని గొంతుతో, అచ్చు వేసినట్టే.

అతని చెయ్యి మూత మీద ఆగిపోయింది. ఆమె మొహంలోకి చూశాడు. "మధ్యాహ్నం... నువ్వా?"

"ఊఁ."

"అంతా విన్నావు."

"విన్నాను. రాసుకోలేదు."

అతను కవరుతో సహా తాళాన్ని తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. "విన్నది నువ్వొక్కదానివే కదా. అలాగే ఉండనీ. దీంతో ఇప్పుడు బండి తీస్తే అందరూ విన్నట్టే." ఆ తర్వాత ఎప్పటిలాగే, "జాగ్రత్తగా వెళ్లు" అన్నాడు.

వంతెన దిగే చోట ఆమె ఆగి, రెయిలింగు పట్టుకుని, ఆ మాట ఒకసారి పైకే అని చూసింది. తీసెయ్యండి. మామూలు మాటే. అనడం కష్టం కూడా కాదు. వెనక్కి తిరిగి చూస్తే పేకాటలో ఎవరో గెలిచినట్టున్నారు, అరుపులు వినిపించాయి. ఇంటికి నడిచి తాళాన్ని మేకుకి తగిలించింది.

క్రేన్లు తెల్లవారుజామునే వచ్చాయి. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. వరసగా లాగారు. మూడో బండిని ముందు నుంచి ఎత్తినప్పుడు ఇరుసు విరిగింది. ఇప్పుడది ఊరి చివర పట్టుబడ్డ బండ్ల ఆవరణలో, కర్టెను గుడ్డ సీటుతో సహా ఉంది. ఇంత పాతదానికి ఇరుసు దొరకదన్నారు. అతను పొద్దున్నే లేచి, స్నానం చేసి, బయటికి వెళ్లే చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుంటాడు.

పది రోజుల తర్వాత కొత్త ప్రశ్నలు వచ్చాయి. వంతెనపై వాహనాలను తొలగించిన తీరును మీరు పూర్తిగా సమర్థిస్తారా, కొంతవరకు సమర్థిస్తారా? గంటమ్మ కాగితం చదివి, ఆమె వంక చూసి, నీళ్ల సీసా ఆమె బల్ల మీదికి జరిపింది. ఆమె హెడ్‌ఫోను తగిలించుకుంది. మిషను నంబరు కలిపింది. అవతల ఎవరో ఎత్తి "హలో" అన్నారు. చదివే ముందు ఆమె తెర మూల చిన్న అంకెలు చూసుకుంది. తెలిసిన నంబరు కాదు.

"నమస్కారమండీ," అంది.