కిందికి దించిన గడియ

నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా వీధంతా అంటారు. అనుకోనీ. ఆ ఒక్క మాట మాత్రం నేను అనకుండా ఉండాల్సింది.

ఎదురింటి ఇంద్రాణికి మూడేళ్లు వరసగా శెనక్కాయ చేను ఎండిపోయింది. మొగుడు బెంగళూరుకు కూలికి పోయి అక్కడే ఇంకొకతెను కట్టుకున్నాడు. ఇక చేసేదేముంది? మడకశిర దగ్గర గార్మెంట్స్‌లో కుట్టుపనికి కుదిరింది. పొద్దున ఆరుకు వ్యాను ఎక్కితే మళ్లీ పొద్దుగూకినాకే దిగడం. బడికి ఎండాకాలం సెలవులు. ఎనిమిదేళ్ల కూతురు నందినిని పగటిపూట మా ఇంట్లో ఉంచుకోమని నన్ను బతిమాలింది.

ఒకరి బిడ్డకు నేను కాపలా కాయడం ఏమిటని నాకు చిరాకు.

"తలుపు పైగడియ చేతికి అందితే పిల్ల పెద్దదైనట్టేలే. నా బిడ్డల్ని నేను అట్లనే ఇడిసిపెట్టి పనికి పోయినా," అన్నాను.

నందినికి ఆ గడియ అందాలంటే ఇంకా రెండేళ్లు పడుతుంది. అది తెలిసే అన్నాను.

మర్నాడు పొద్దున్నే సుత్తి చప్పుడు. చూస్తే ఇంద్రాణి గడియ ఊడదీసి, జానెడు కిందికి దించి కొడుతోంది. గతిలేని మనిషి ఇంకేం చేస్తుంది? వద్దని ఒక్క మాట అనాల్సింది. ఎప్పుడూ మూతపడని నా నోరు ఆ పూట మూతపడింది.

తల్లి వ్యాను ఎక్కగానే పిల్ల లోపల గడియ వేసుకునేది. ఇరవై రోజులు బాగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఇంత మజ్జిగ ఇద్దామని తలుపు తట్టాను.

"జరమొచ్చింది అవ్వా. ఎవురికీ తలుపు తీయద్దని చెప్పింది మాయమ్మ," అంది లోపలినుంచి, సన్నగా.

ఓహో, నాకు కూడానా అని రోషం వచ్చింది. చెంబు పట్టుకుని వచ్చేశాను.

సాయంత్రం తల్లి ఎంత పిలిచినా పిల్ల పలకలేదు. తలుపు పగలగొట్టాం. గడియ కిందే పడి ఫిట్స్‌తో కొట్టుకుంటోంది బిడ్డ. నెలరోజులు అనంతపురం ఆసుపత్రిలో ఉన్నారు. జ్వరం మెదడుకెక్కిందట. మధ్యాహ్నమే తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడట.

ఇంద్రాణి నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టిపోసినా బాగుండేది. ఇప్పుడు రోజూ నందినిని మా ఇంట్లో దింపి వ్యాను ఎక్కుతుంది. నేనే ఇంటికి పోయి అడిగాను, పిల్లను పంపమని. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నందినికి పదేళ్లు నిండాయి. బాగా పొడుగైంది. మా తలుపు పైగడియ సరిగ్గా అందే ఎత్తు. కుడిచెయ్యి మాత్రం పైకి లేవదు.