కుక్కలు లేని దొడ్డి

నా చిన్నప్పుడు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తెలుగువాళ్ల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. ఇప్పుడు మేముంటున్న హారిస్‌డేల్ అప్పట్లో ఉత్త ఇసుకా, పొదలూ. బడికి సెలవులివ్వగానే మా నాన్న నన్ను ఉత్తరానికి వెళ్లే బస్సు ఎక్కించేవాడు. రోజంతా కూర్చుంటే సాయంత్రానికి ఎర్రమట్టి మధ్య మా బాబాయి పనిచేసే పశువుల ఫారం వచ్చేది.

బాబాయి ఒంగోలు దగ్గర పుట్టి, పశువైద్యం చదువుకుని, మాంసం కోసం పెంచే ఆ మందకు కృత్రిమ గర్భధారణ చేసే పనిలో కుదిరాడు. ఏ ఆవుకు ఏ ఆబోతు వీర్యం వెయ్యాలో నిర్ణయించేది ఆయనే. ఆబోతులు ఎక్కడో దూరాన ఉండేవి. వాటి వీర్యం మాత్రం సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి, మూత తీస్తే తెల్లటి పొగలు కక్కే నైట్రోజన్ డబ్బాలో ఉండేది.

నేనప్పుడు హైస్కూల్లో చదువుతున్నాను. మా పేట లైబ్రరీలో పశువుల మీద ఉన్న పుస్తకాలన్నీ ఎవరూ చెప్పకుండానే చదివేశాను. ఆబోతును ఎంచేటప్పుడు దాని దూడలు ఎంత బరువుతో పుడతాయో ఎందుకు చూడాలో, మొదటి కాన్పు పెయ్యకు పెద్ద దూడ అడ్డం పడితే ఏమవుతుందో, ఎండకు తట్టుకునే చర్మం ఏ జాతిదో గడగడా చెప్పేదాన్ని. అక్కడి మూపురం ఆబోతుల పూర్వీకుల్లో మన ఒంగోలు పశువులు కూడా ఉన్నాయని ఒక పుస్తకంలో ఉంది. ఆ పేజీ చదివి వినిపిస్తే బాబాయి, “అయితే మనకి చుట్టమేనన్నమాట” అని నవ్వాడు. ఆ మాట ఫారంలో అందరికీ చెప్పాడు కూడా.

ఆయన కొన్నేళ్ల కిందట ఎంచిన ఆబోతు కూడా మూపురందే. దాని కూతుళ్లు బాగా బరువు పెరిగాయి, ఎండకు తట్టుకున్నాయి. కానీ వాటి కోపం చూసి నేను దొడ్డి కమ్మీలకు దూరంగా నిలబడేదాన్ని. ఇంకొక నల్లటి బోడి ఆబోతు కూతుళ్లు వాటికంటే నెమ్మది. పశువును ఇనప బోనులో నిలబెట్టి, ముందు తలుపు తెరిచి, అది ఎలా బయటికి వస్తుందో చూసి స్వభావం అంచనా వేసేవాళ్లు. మూపురం ఆబోతు కూతుళ్లు నడిచి వచ్చేవి కావు, పేలినట్టు వచ్చేవి. ఒక పెయ్య తలుపు పూర్తిగా తెరుచుకోకముందే గుద్దుకుని, మెడ విరిగి, నోట్లోంచి రక్తం కారుతూ నా కళ్ల ముందే చచ్చిపోయింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే బాబాయి మీద పడింది ఒక ఆవు, అదీ మూపురం ఆబోతు కూతురే. కొత్తగా ఈనిన ఆవుల్ని దొడ్లోకి తోలుతున్నారు. ఎప్పటిలాగే మందను తోలే కుక్కలు కమ్మీల కింద నుంచి దూరి కాళ్లు కరుస్తూ మొరుగుతున్నాయి. గేటు దగ్గరున్న బాబాయిని ఆ ఆవు తలతో ఎత్తి కమ్మీలకేసి కొట్టింది. పక్కటెముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కింద పడిన మనిషి మీద మోకాళ్లు వేసి, కొమ్ముతో తొడ చీల్చింది. మగవాళ్లు ఇనప కడ్డీలతో దాని మొహం మీద బాదుతుంటే, రెండు కళ్లూ నెత్తురోడుతున్నా అది వెనక్కి తగ్గలేదు. చివరికి ఆయన్ని గేటు కింద నుంచి లాగారు. మా పిన్ని దుప్పటి చించి తొడకు బిగించి కట్టింది. దేవుణ్ణి తలుచుకునే తీరిక కూడా అప్పుడు ఆమెకు లేదు.

మర్నాడు ఫారం యజమాని వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. ఆ ఆబోతు కూతుళ్లన్నీ కబేళాకు పోతాయనీ, డబ్బాలో మిగిలిన దాని వీర్యం గొట్టాలు నేల మీద ఒంపెయ్యమనీ చెప్పాడు. వెనకాల పెద్ద కాపరి ఉన్నాడు. మందను, కుక్కల్ని చూసేది అతనే. “నీ చుట్టమే నిన్ను పొడిచింది కదా, మేట్” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. స్వభావం తండ్రి నుంచి కూతుళ్లకు వస్తుందని నేను నమ్మిన పుస్తకమే చెబుతోంది. నా పుస్తకం యజమాని వైపు నిలబడింది. ఆ మాట బాబాయితో అంటే, ఆయన ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు. “పుస్తకం తప్పేం చెప్పలా అమ్మాయ్. అది రాసినాయన దొడ్లో కుక్కలున్నాయో లేదో మనకేం తెలుసు?”

లారీ వచ్చేలోగా ఒక్క పొద్దు కుక్కల్ని కట్టేయించమని యజమానిని అడిగాడు. అప్పటికీ అవి మీదపడితే గొట్టాలు తన చేత్తోనే ఒంపేస్తానన్నాడు.

యజమాని సరేనన్నాడు. లారీ రావడానికి ముందు రోజు బాబాయి ఛాతీకి కట్టుతో, కర్ర ఊతంగా వచ్చి బోను పక్కన కూర్చున్నాడు. పక్కన నైట్రోజన్ డబ్బా పెట్టించుకున్నాడు. కుక్కల్ని దూరంగా షెడ్డులో కట్టేశారు. ఎవరూ అరవకూడదన్నాడు. రెండు ఆబోతుల కూతుళ్లనూ కలిపి, అవి నెమరు వేసేదాకా ఆగి, ఒక్కొక్కదాన్నే వదిలారు. మూపురం ఆబోతు కూతుళ్లు బయటికొచ్చి, ఒకసారి తల విదిలించి, నడుచుకుంటూ పోయాయి. అన్నీ కాదు. ఒకటి కుక్కలు లేకపోయినా కమ్మీలను కుమ్మింది. నల్ల ఆబోతు కూతురొకటి అంతకంటే ఘోరంగా కుమ్మింది. ఆ రెండింటినీ లారీకి పంపెయ్యమన్నాడు, తండ్రి ఎవరని చూడకుండా.

చివరికి ఆయన్ని పొడిచిన ఆవును దూడతో సహా దొడ్లోకి వదిలారు. గేటు బయట నిలబడ్డ బాబాయిని చూసి బుస కొట్టింది, కాలితో మట్టి గీరింది. కాసేపు చూసి దూడను వెంటపెట్టుకుని అవతలి మూలకు పోయింది.

పెద్ద కాపరికి అది నచ్చలేదు. “అలిసిపోయి ఉంది, అంతే. అసలు సంగతి చూపిస్తా” అంటూ షెడ్డులోంచి తన కుక్కను విప్పి ఈల వేశాడు. అతని మంచం కాళ్ల దగ్గర పడుకునే కుక్క అది. కమ్మీ కింద నుంచి దూరి దూడ వైపు ఉరికింది. ఆవు దాన్ని కొమ్ము మీద ఎత్తి కమ్మీలకేసి కొట్టింది. కింద పడ్డాక మళ్లీ మళ్లీ తొక్కింది. కుక్క ఒక్కసారే అరిచింది. కాపరి కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లోపలికి వెళ్లలేకపోయాడు.

మేం గెలిచామనుకున్నాను నేను. చప్పట్లు కొట్టబోయి బాబాయి ముఖం చూసి ఆగిపోయాను. ఆయన గేటు తీసుకుని లోపలికి నడిచాడు. చేతిలో కర్ర కూడా లేదు. ఆవు దూడ ముందు నిలబడి ఆయన్నే చూస్తోంది. “అయిపోయిందిలే తల్లీ, పోయిందిలే” అని తెలుగులో మెల్లగా అంటూ, వంగి, నొప్పికి మూలిగి, నెత్తురు కారుతున్న ఆ కుక్కను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆవు కదల్లేదు. ఆయన బయటికొచ్చి కుక్కను కాపరి చేతుల్లో పెట్టాడు. అంత మోటు మనిషీ నేల మీద కూలబడి, చచ్చిన కుక్క చెవులు నిమురుతూ ఏడ్చాడు. బాబాయి పక్కనే కూర్చున్నాడు. ఆ చుట్టం మాట మళ్లీ ఆ ఫారంలో ఎవరూ ఎత్తలేదు.

కొంతసేపటికి యజమాని నైట్రోజన్ డబ్బా మోసుకెళ్లి, దాని చోట దాన్ని పెట్టేశాడు. ఆ ఏడూ మందకు ఆ మూపురం ఆబోతు వీర్యమే వేశారు. దొడ్లో పని ఉన్న రోజున కుక్కల్ని కట్టెయ్యడం మొదలుపెట్టింది మాత్రం పెద్ద కాపరే.

నేను ఇవాళ్టికీ లైబ్రరీకి వెళ్తాను, చదివింది నలుగురికీ చెబుతాను. కానీ ఎవరిదైనా కోపం చూసినప్పుడు, ఆ మనిషి స్వభావమే అంత అని అనబోయేముందు ఆగుతాను. మొన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి సంచి గోడకేసి కొట్టి, తలుపు ధడాలున వేసుకుంది. పొగరు పెరిగిందని మా అమ్మాయి అరవబోతుంటే ఆపి, లోపలికి వెళ్లి మంచం చివర కూర్చున్నాను. దాని కోపం కాస్త దిగాక, “బళ్లో ఎవరమ్మా, నిన్ను తరిమి ఏడిపిస్తోంది?” అని అడిగాను.

అది తల ఎత్తి నా వైపు చూసింది. “హౌ డిడ్ యు నో, అమ్మమ్మా?” అని నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.