డ్రైవరు గడ్డం గీసుకున్న రోజులు

నేను చేరిన రోజు అక్కడ ఉన్నవి: సైన్యం ఇంధన ట్యాంకులు నాలుగు, రేకుల షెడ్డు ఒకటి, ఫైరింజన్ ఒకటి, పొగలో వేసుకునే మాస్కులు ఆరు. ఉన్నవాళ్ళు: హవల్దారు, డ్రైవరు, పంపు మనుషులు ముగ్గురు, నేను. విశాఖ ఓడరేవు గోడ పక్కనే మా పోస్టు. అక్టోబరు. గాలిలో తేమ, బొగ్గు పొడి. ఉదయం ఆరేసిన తెల్ల బనియను సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. పాలిటెక్నిక్ చదివి వచ్చినవాణ్ణి కాబట్టి మాస్కులు నా బాధ్యత అన్నారు.

మాస్క్ ముఖానికి సందు లేకుండా అంటుకోవాలి. గడ్డం ఉంటే అంటుకోదు. ఆ సందులోంచి పొగ దూరితే మనిషి బతకడు. అందుకే రోజూ ఉదయం పరీక్ష. మాస్క్ వేసుకోవాలి. గొట్టం అరచేత్తో మూయాలి. గాలి పీల్చాలి. రబ్బరు ముఖానికి కరుచుకుని అలాగే నిలవాలి. డ్రైవరుకు నిలిచేది కాదు. దవడ కింద ఎప్పుడూ ఒక మూల గరుకు, దాని పక్కన రెండు గాట్లు.

"ఇతనికి గీసుకోవడం నేర్పు. ఆర్డరే అనుకో," అన్నాడు హవల్దారు.

డ్రైవరు నవ్వాడు. "ఇద్దరు పిల్లల తండ్రిని. నాకు గెడ్డం గీసుకోడం రాదేటి?"

అతను ఇక్కడి జాలరి పల్లెవాడే. నాకంటే పెద్దవాడు. అయినా మొదటి రోజు నుంచే నన్ను బావా అన్నాడు.

అతని దగ్గరున్నది రెండంచుల బ్లేడు పెట్టే పాత సేఫ్టీ రేజరు. తప్పు రేజరుది కాదు, చేతిది. అంట్లు తోమినట్టు నొక్కి గీసేవాడు. పైగా మా బోరునీళ్ళు ఉప్పన. సబ్బు నురగ కట్టేది కాదు. తాగే నీళ్ళు ఒక మగ్గు వేడిచేశాను. ముందు ముఖం బాగా నానాలి. బ్రష్‌తో గుండ్రంగా నురగ పట్టించాలి. పిడిని చివర పట్టుకోవాలి, రేజరు బరువే చాలు. చర్మానికి ముప్పై డిగ్రీల వాలు. పొట్టి గీతలు. మొదట వెంట్రుక వాలు వెంబడి, మళ్ళీ నురగ పెట్టి అడ్డంగా. ఎదురు గీయకూడదు. అతనికి దవడ కింద వెంట్రుకలు చెవి వైపు తిరిగి ఉన్నాయి. ఆ సంగతి అతనికే తెలియదు.

"నా మూతి మీద ఇంత సర్వే ఏటి బావా! మా ఆవిడ కూడా ఇలగ సూళ్ళేదు."

వారం తిరిగేసరికి మాస్క్ నిలిచింది.

నవంబరులో వాయుగుండం పట్టింది. రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. వేటకెళ్ళిన బోట్లన్నీ వచ్చాయి, ఒకటి తప్ప. అది డ్రైవరు తండ్రిది. ఆయనతో ఇంకో ముగ్గురున్నారు.

రేడియో నా చేతిలో ఉండేది.

"కంట్రోల్, ఆ ఫైబర్ బోటు సంగతి ఏమైనా తెలిసిందా? ఓవర్."

"లేదు. ఓవర్."

తర్వాత తర్వాత నేను పూర్తిగా అడక్కముందే కంట్రోల్‌లో అతను లేదనేవాడు.

డ్రైవరు సెలవు పెట్టలేదు. సాయంత్రం బైక్ మీద పల్లెకు వెళ్ళి ఉదయం వచ్చేవాడు. రాగానే రేజరు తీసేవాడు. ఆదివారం మాస్క్ పరీక్ష ఉండదు. ఆ రోజూ గీశాడు.

"ఇవాళ అక్కర్లేదన్నా," అన్నాను.

"మాస్క్ కోసం కాదు బావా. అయ్య పోతే కొడుకు గెడ్డం గియ్యకూడదు కదా. నాను గీత్తన్నానంటే అయ్య ఉన్నట్టే. సాయంత్రం అమ్మ గుమ్మంలో నిలబడతాది. నా గెడ్డం కింద సెయ్యెట్టి సూత్తాది. నున్నగా ఉంటే లోపలికెళ్ళి అన్నం ఎడతాది." అద్దంలో దవడ తిప్పి చూసుకున్నాడు. "గాటు పడిందేటి? సూడు. రత్తం కనపడితే బెంగెట్టుకుంటాది."

గాటు లేదు. ఆ రోజు నుంచి అతని బ్లేడు నేనే మార్చేవాణ్ణి.

గాలింపు ఆపేశామని కంట్రోల్ చెప్పింది. ఆ మాట హవల్దారు అతన్ని పక్కకు పిలిచి చెప్పాడు. మర్నాడూ అతను గీసుకునే పరీక్షకు నిలబడ్డాడు. మాస్క్ నిలిచింది.

తర్వాత ఒక ఉదయం సన్నటి వాన. అతను నురగ చక్కగా పట్టించాడు. రేజరు చెంపకు ఆనించాడు. ముప్పై డిగ్రీలే. చెయ్యి కదల్లేదు.

"ఏమైందన్నా?"

"నిన్న అమ్మ నా గెడ్డం ముట్టుకోలేదు బావా. నా మొకం కూడా సూళ్ళేదు. కంచం ఎట్టేసి ఎల్లిపోయింది."

తువ్వాలుతో నురగ తుడిచేశాడు. రేజరు కడిగి, ఆరబెట్టి, నా చేతిలో పెట్టాడు.

హవల్దారు వచ్చి ఆ ముఖం చూశాడు. "గడ్డంతో మాస్క్ కుదరదు," అన్నాడు. ఫైరింజన్ తాళం అందుకుని, "ఇంటికెళ్ళు. బండి నేను నడుపుతా," అన్నాడు.

మూడో రోజు నేను పల్లెకు వెళ్ళాను. ఒడ్డున బోట్లన్నీ పైకి లాగేసి ఉన్నాయి. వలలు ముట్టినవాళ్ళు లేరు. ఇసుకలో డ్రైవరు కూర్చుని ఉన్నాడు, అతని చుట్టూ ఇంకొందరు కుర్రాళ్ళు. పక్కనున్న ముసలాయన్ని అడిగాను, వీళ్ళెవరని.

"బోటులో పోయినోల్ల కొడుకులు బాబూ."

"వీళ్ళు కూడా ఇన్నాళ్ళూ గీసుకున్నారా?"

"బోటు ఈడి అయ్యది కదా. ఈడు మానకుండా ఆళ్ళెలగ మానతారు? రోజూ సాయంత్రం రోడ్డు మీద నిలబడి ఈడి మొకం సూసుకుని ఎల్లేవోరు."

వేసవిలో పోస్టింగ్ ముగిసింది. గుంటూరు వచ్చేశాను. ఇప్పుడు లిఫ్టుల మరమ్మతు పని. ఇంట్లోవాళ్ళు ఓడల గురించి అడుగుతారు. చెబుతాను. ఆ ఇసుక గురించి అడగరు. కళ్ళు మూసుకుంటే కనిపించేది అదొక్కటే: పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ వరసగా కూర్చుని సముద్రం వైపు చూస్తున్న ముఖాలు, అందరి మీదా ఒకే పొడవు గడ్డం. మూడు రోజులది.

లెక్కపెట్టాను. తొమ్మిది మంది.