వేలిముద్రకు ముందు నేను చదివిన వాక్యం

1996 జూన్‌లో నన్ను పెనుకొండ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ప్రభుత్వ భవనాల మరమ్మతులు చూసే శాఖ మాది. సెక్షన్ నాది, పైన హిందూపురంలో డిప్యూటీ ఇంజనీరు, ఆ పైన ధర్మవరంలో డివిజన్ ఆఫీసు. స్వచ్ఛంద విరమణ తీసుకునేలోగా పెద్ద కట్టడాలే చాలా చూశాను. ఇక్కడ రాస్తున్నది ఒక చిన్న పెంకుటింటి దోణె గురించి.

పెనుకొండ కొండవాలులో ఆరు పాత క్వార్టర్లు ఉండేవి. పెంకుల కప్పు, మట్టి అడుసుతో కట్టిన రాతిగోడలు. చుట్టూ వేప, చింత, కానుగ చెట్లు కప్పుల మీదికి వాలి అడవిలా ఉండేవి. రెండు కప్పులు కలిసే పల్లంలో నీళ్ళు పోవడానికి వేసిన జింకు రేకు కాలువే దోణె. అందులో పడిన చింతాకు తడిస్తే పిండిలా అంటుకుపోతుంది. చీపురుకు రాదు, చేత్తో గీకాలి. మా సీమలో వాన తక్కువ కనుక దోణె సంగతి ఎవరికీ పట్టదు. వచ్చే ఆ నాలుగు వానలు మాత్రం కొండ మీదినుంచి ఒక్కసారిగా దిగుతాయి. అందుకే ఏటా వానలకు ముందు నిచ్చెన వేసి దోణెలు గీకించాలి. బిందెడు నీళ్ళు పోయించి, అవి కింది గొట్టంలోంచి పడ్డాయని కళ్ళారా చూశాక తనిఖీ రిజిస్టరులో సెక్షన్ ఇంజనీరు సంతకం చేయాలి.

ఈ పని చేసేవాడు దేవసహాయం. సోమందేపల్లి మనిషి. మస్టర్ రోల్ మీద, అంటే ఏ రోజుకారోజు హాజరు వేసుకుని, పదేళ్ళుగా పనిచేస్తున్నాడు. అలాంటివాళ్ళను పర్మనెంట్ చేసే జాబితా ధర్మవరంలో తయారవుతోంది. అందులో అతని పేరుంది.

జులైలో నాలుగో క్వార్టరు దోణెలో రావి మొక్క కనిపించింది. మోచేయంత ఎత్తు, వేరు గొట్టం మూతిలోకి దిగింది. దేవసహాయం కత్తి తీయగానే కింద నిలబడిన వెంకటమ్మవ్వ కేకేసింది. ఆ ఇంట్లో ఉండే గుమాస్తా తల్లి ఆమె.

"ఏమబ్బా, దాన్ని ముట్టద్దు! కోడలు కాన్పుకని రొద్దం పోయుండాది. పురుడయ్యేంతవరకు రావిచెట్టు మీద కత్తి పెట్టద్దు."

"చెట్టుకేం ఎరికవ్వా మీ కోడలి సంగతి? అది ఈడ గోడలోకి ఇల్లు కట్టుకుంటాంది."

"నీకేమప్పా, ఆదివారం ఒగటి దేవుణ్ణి తల్చుకుంటే సాలు. మాకు ఏడు దినాలూ భయమే."

అందరం నవ్వాం. కాన్పయ్యాక తీద్దాం, వదిలేయమన్నాను. అంతవరకు నా తప్పేమీ లేదనుకుంటాను. తప్పు ఆ సాయంత్రం చేశాను. మిగతా ఐదిళ్ళతో కలిపి ఆరింటికీ ఒకే వరుస రాశాను: "దోణెలు శుభ్రపరచి, మొక్కలు తొలగించడమైనది." కింద నా సంతకం, పనిచేసినవాడిగా దేవసహాయం పేరు.

సెప్టెంబరు చివర కోడలికి ఆడపిల్ల పుట్టింది. మర్నాడే దేవసహాయం వచ్చి నిచ్చెన అడిగాడు. నిచ్చెన హిందూపురం పనికి పోయింది, వచ్చేవారం చూద్దామన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. అక్టోబరులో మూడు రోజులు వాన పట్టింది. నిండిన దోణె పొంగి నీళ్ళు గోడలోకి దిగాయి. అడుసు కరిగిపోయింది. మూడోరోజు మధ్యాహ్నం, వెనక వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్న అవ్వ మీద గోడ కూలింది. ఆమె కొడుకు, పుట్టిన బిడ్డను చూడడానికి రొద్దం పోయి ఉన్నాడు. రాళ్ళు తీసి, ఆమెను ఎత్తుకుని రోడ్డుదాకా మోసింది దేవసహాయమే. తుంటి విరిగింది. ఆమె మళ్ళీ నడవలేదు.

శిథిలాల్లో రావి మొక్క దొరికింది. రిజిస్టరు ప్రకారం దాన్ని జులైలోనే తీసేశాం. డిప్యూటీ ఇంజనీరు నన్ను సంజాయిషీ అడిగారు. పనివాడు తీశానంటే నమ్మి రాశానని జవాబిచ్చాను. అయితే బాధితురాలి వాంగ్మూలం జతచేయమన్నారు.

నేనే హిందూపురం ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని రాసుకున్నాను. అవ్వ నొప్పితోనే తడుముకోకుండా చెప్పింది. "ఆయప్ప పీకుతానన్నాడు. నేనే వద్దంటి. నువ్వు గూడా సరేలెమ్మంటివి. ఆయప్ప మీద మాట రాకూడదు నాయనా. అది మాత్రం బాగా రాయి."

గోడ ఎలా కూలిందో రాశాను. ఆ మాట రాయలేదు. వాంగ్మూలం చివర ఒక వాక్యం ఉండి తీరాలి: "చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేయడమైనది." కాబట్టి చదివి వినిపించాను. ఆమెకు అక్షరం రాదు. కాగితం మీద లేని ఆ మాటను కూడా ఉన్నట్టే, ఆమె యాసలోనే, తడబడకుండా చదివాను. ఆమె తల ఊపింది. బొటనవేలు పట్టుకుని నేనే ముద్ర వేయించాను.

దేవసహాయాన్ని పని మాన్పించారు. జాబితాలోంచి పేరు పోయింది. నా మీద ఏ చర్యా లేదు.

2003లో సోమందేపల్లి బస్టాండు దగ్గర అతను కనిపించాడు. చేతిలో తాపీ ఉంది. టీ తాగుదాం రమ్మన్నాను. అతను నిలబడే మాట్లాడాడు.

"అవ్వ నాతో చెప్పింది సార్. భయపడద్దప్పా, నీ మాట కాగితంలో ఉండాది, సారు చదివి వినిపించినాడు అని. నేను ధర్మవరం పోయి ఫైలు చూపియమంటి. ఆ ఆఫీసు గుమాస్తా రెండుసార్లు చదివినాడు. యాడా ల్యా."

నా మీద ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడిగాను.

"ఎవరికి చెప్పేది సార్? రాసింది మీరే, చదివింది మీరే."

ఇప్పుడైనా నిజం రాసి పంపుతానన్నాను.

"అవ్వ ఇంకా ఉండాది. మంచంలోనే. నేను పోయినప్పుడల్లా, నిన్ను నేనే కాపాడితి గదప్పా అంటాది. నేను ఔనవ్వా అంటాండా. ఇంకా మన సెక్షన్‌లోనే పనిలో ఉండానని చెప్పినా. ఆమె పోయేంతవరకు ఊరకుండండి."

ఊరకున్నాను. అతను అడిగాడు కనుక అని చెప్పుకోవచ్చు. ఆ మాట నాకు అనుకూలంగా ఉందన్నది కూడా నిజం. అవ్వ మూడేళ్ళకు పోయింది. నేను అప్పుడూ రాయలేదు. నిరుడు దేవసహాయం కూడా పోయాడు. మొక్క తీయకుండానే తీశానని అబద్ధం చెప్పినవాడని శాఖలో పాతవాళ్ళు అతని గురించి ఇప్పటికీ అంటున్నారని విన్నాను. ఆ అబద్ధం నాది. మొక్క తీయడానికి అతను మూడుసార్లు సిద్ధపడ్డాడు, మూడుసార్లూ ఆపింది నేను.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవారికి ఒక్కటే చెప్పగలను. చదువురాని మనిషి వాంగ్మూలాన్ని రాసినవాడే చదివి వినిపించకూడదు. ఆ గదిలో ఇంకొకరిచేత చదివించాలి. ఆ రోజు పక్క మంచం దగ్గర చదువుకున్న నర్సు ఉంది. నేను పిలవలేదు.