హెడ్డుగారికి అర్థం కాని కాగితం

హెడ్ కానిస్టేబుల్ దానయ్యకు ఏ సంగతీ ఒక పట్టాన అర్థం కాదు. అద్దంకి పక్కనున్న ఆ ఊళ్ళో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. మేక పోయిందని చెప్పుకోవడానికి వెళ్తే, "మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అంటాడు. ఒకసారి ఒకాయన చేత అలా అయిదోసారి చెప్పిస్తుంటే, బెంచీ మీద కూర్చున్న దొంగే విసుగెత్తి, "నేనే కొట్టేశానండి, ఇక ఆయన్ని వదిలెయ్యండి" అని ఒప్పేసుకున్నాడట.

అలాంటి మనిషి 2001 ఎండాకాలంలో కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి, పరుపులు కుట్టే మాబు సాహెబ్ చేతిలో సూది నిలవలేదు. ఆ కాగితం ఢిల్లీ నుంచి ఎస్పీ ఆఫీసు మీదుగా వచ్చింది. అతని అక్క మస్తాన్‌బీ గురించి.

మస్తాన్‌బీ ఆ ఊళ్ళోనే పుట్టింది. పద్దెనిమిదో ఏట మొగుడి వెంట కరాచీ వెళ్ళింది. ముప్పై ఆరేళ్ళ తర్వాత, మొగుడు పోయాక, పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద పుట్టింటికి వచ్చింది. ఇక్కడే ఉండిపోతానని ఆమె పెట్టుకున్న అర్జీ ఢిల్లీలో ఎక్కడో ఉండిపోయింది. ఈలోగా వీసా గడువు అయిపోయింది. ఆమెను రైలెక్కించి సరిహద్దు దాటించాలని స్థానిక పోలీసులకు ఉత్తర్వు.

"విదేశీయురాలు ఎక్కడుందయ్యా?" అన్నాడు దానయ్య.

"మా అక్కేనండి. అదుగో, మిరపకాయలకి తొడిమలు తీస్తోంది."

"ఎక్కడ పుట్టింది?"

"ఈ ఇంట్లోనేనండి."

"మరి విదేశం ఏది?"

మాబు చెప్పాడు. దానయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు. "నాకేం అర్థం కాలేదు సాయిబూ. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

మూడుసార్లు చెప్పించుకుని రిపోర్టు రాశాడు: 'సదరు ఇంట్లో ఈ ఊరిలో పుట్టిన మస్తాన్‌బీ కనబడినది. కాగితంలోని విదేశీయురాలు ఈమేనా, వేరొకరా తెలియపరచగలరు.' అది ఒంగోలు వెళ్ళి, ఢిల్లీ వెళ్ళి, 'ఈమే' అన్న జవాబుతో తిరిగొచ్చేసరికి అయిదు నెలలు పట్టింది.

దానయ్య మళ్ళీ వచ్చాడు. "కాగితంలో మొగుడి పేరు గౌస్ పాషా అని ఉంది. నువ్వేమో గౌస్ బాషా అంటున్నావు. ఇద్దరా, ఒకడేనా?"

"ఒక్కడేనండి," అన్నాడు మాబు ఏడవలేక.

"నువ్వు చెప్తే చెల్లదు. ఢిల్లీ చెప్పాలి."

ఇంకో ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో మాబు అక్క ట్రంకుపెట్టె సర్దాడు, విప్పాడు, మళ్ళీ సర్దాడు. వీధిలో సైకిల్ బెల్లు మోగితే చాలు, పరుపులో కూరాల్సిన దూది తలగడలో కూరేసేవాడు. అన్నం సయించక నడుముకి లుంగీ కూడా నిలవడం మానేసింది. ఎస్సైగారు ఒకసారి స్వయంగా వచ్చి చూశాడు. వణికిపోతున్న మాబుని చూసి, దానయ్య వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఏడాదిగా ఒక్క మనిషిని తేల్చలేవా? నీకు బుర్రనేది ఉందా?"

"అదే అర్థం కావడం లేదు సార్," అన్నాడు దానయ్య వినయంగా.

మొగుడు ఒకడేనని ఢిల్లీ తేల్చేసరికి రెండు దేశాల మధ్య రైలు ఆగిపోయింది. 'ఆగిన రైలు ఎక్కించవలెనా, నడిచే రైలు వచ్చువరకు ఆగవలెనా' అని దానయ్య మళ్ళీ రాశాడు. దానికి జవాబే రాలేదు.

2003లో మస్తాన్‌బీ ఇక్కడే ఉండొచ్చని ఉత్తర్వు వచ్చింది. కాగితం తీసుకోవడానికి స్టేషనుకి పరిగెత్తిన మాబు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల దానయ్య, కళ్ళు మూసుకుని, ఆ ఫైలులోని ఉత్తరాలన్నిటి నంబర్లూ తేదీలూ రైటరుకి గడగడా చెబుతున్నాడు. ఒక్కచోట కూడా తడబడలేదు.

"మీకు మొదట్నుంచీ అంతా తెలుసా అండి?" అన్నాడు మాబు, రైటరు అటు వెళ్ళాక.

"తెలిసిపోతే అప్పుడే రైలెక్కించాల్సొచ్చేది కదయ్యా," అన్నాడు దానయ్య గొంతు తగ్గించి. "ఇక్కడ సంతకం పెట్టు."

మాబు ఆయాసపడుతూ ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. మస్తాన్‌బీ మిరపకాయల తొడిమలు తీయడం ఆపలేదు.

"నాకు తెలుసురా. రెండోసారి వచ్చినప్పుడే చెప్పాడు."

"మరి నాకెందుకు చెప్పలేదే అక్కా?"

"నీకు చెప్పొద్దన్నాడు. ఎస్సైగారు వస్తే నీ మొహం చూసి, హెడ్డు నిజంగానే మన వెంటపడుతున్నాడని నమ్మాలంట. నీ అంత బాగా భయపడేవాడు మండలం మొత్తంలో లేడన్నాడు."

రెండేళ్ళపాటు తాను జీతం లేకుండా పోలీసు డ్యూటీ చేశానని మాబుకి అప్పుడు తెలిసింది.