చార్టు మూసి, స్టూలు లాక్కుని

మొన్న మంగళవారం నేను ఏడో తరగతి పిల్లలకి బోర్డు మీద ఆకు బొమ్మ గీస్తూ ఉండగా హాస్పిటల్ డ్రైవరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. మస్కట్‌లో క్లాసు రూముకి చెప్పులు విడిచి ఎవరూ రారు. అది చూసి సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. అతను నోరు తెరవకముందే తెలిసిపోయింది, మా పెద్దమ్మ ఇక లేదని.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసుండదు. తెనాలి దగ్గర పల్లెటూర్లో పుట్టి, మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, పెళ్ళి మాటెత్తితే "నాకు నలభై మంచాలున్నాయి, ఇంకో సంసారం దేనికి?" అని తోసిపుచ్చిన మనిషి. మా అమ్మకి అక్క. నాకు ఐదేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను చంకనేసుకుంది. ఒమన్‌లో కొత్తగా హాస్పిటళ్ళు కడుతున్నారు, నర్సులు కావాలంటున్నారు అని తెలిసి బయలుదేరబోతే బంధువులంతా ఎడారి, ఎండ, నీళ్ళుండవు అని బెదిరించారట. "రోగులుంటారా ఉండరా? అది చెప్పండి ముందు" అందట. నన్ను హాస్టల్లో పెట్టి వచ్చేసింది. ఇంటర్ అయ్యాక, డెబ్బై నాలుగులో, నేనూ మస్కట్ హమ్రియా పేటలో ఆవిడ రెండు గదుల ఇంటికి వచ్చి పడ్డాను.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉండేది. పొద్దున్నే బైబిలు వాక్యం అప్పజెప్పనిదే టీ లేదు. టీ గిన్నె పొయ్యి మీద మరుగుతూ ఉంటే నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడి, ముందు రోజు ఇచ్చిన వాక్యం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. తడబడితే మళ్ళీ మొదట్నుంచి. టీ కషాయమైపోయినా సరే, మొదట్నుంచే. "కళ్ళజోడు పోవచ్చు, పుస్తకం చెదలు తినచ్చు. నోటికి వచ్చింది ఎవడూ ఎత్తుకుపోలేడు" అనేది. చర్చిలో (మా ఆదివారం ఆరాధన ఇక్కడ శుక్రవారమే) పిల్లలందరికీ ఆవిడే కంఠత వాక్యాల టీచరు. నేను ఆవిడ ప్రథమ శిష్యురాలిని. ఆ గర్వం నాకు మహా ఎక్కువగా ఉండేది. చివరికి నా కొంప ముంచింది కూడా అదే.

హాస్పిటల్లో ఒక అమెరికన్ డాక్టరమ్మ ఉండేది. నా మార్కులు చూసి, తను చదివిన యూనివర్సిటీకి ఉత్తరం రాసింది. వాళ్ళు స్కాలర్‌షిప్పు మీద సీటిచ్చారు. పెద్దమ్మకి అమెరికా మీద మోజేం లేదు గానీ చదువంటే ప్రాణం. వెళ్ళేముందు నెల రోజులు నన్ను రోజూ వార్డుకి తీసుకెళ్ళింది. "రూములో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటావా? వచ్చి చూడు, మనుషులెలా ఉంటారో" అంది.

అక్కడ జగిత్యాల నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. సైట్‌లో ఆయాసంతో కూలబడితే కంపెనీ వాళ్ళు తెచ్చి చేర్పించారు. రౌండ్సులో డాక్టరు వచ్చి ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. మేస్త్రీ గుడ్లప్పగించి చూశాడు.

"ఏమన్నడక్కా డాక్టర్ సాబు? నాకొక్క ముక్క సమజ్ గాలే. సస్తనా ఏంది?"

పెద్దమ్మ ముందు చార్టు మూసింది. తర్వాత మంచం కిందున్న స్టూలు లాగి, ఆయన మోకాలికి తన మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"చావు లేదు గీవు లేదు. చూడు తమ్ముడూ, నీ గుండెలో నాలుగు తలుపులున్నాయి. రక్తం ముందుకు పోగానే మూసుకోవాలి. అందులో ఒకటి సరిగ్గా మూసుకోవట్లేదు. పోయిన రక్తం కాస్త వెనక్కి వస్తోంది. అందుకే ఆయాసం."

మేస్త్రీ ఆలోచించాడు. "గంతేనా? దర్వాజ వంగింది. చౌకట్టుకు ఆన్తలేదు. ఎన్ని జూడలే నేను!"

"అదే. వంగిన తలుపుని దబాదబా బాదితే ఏమవుతుంది?"

"ఊడి సేతికొస్తది."

"కదా! అందుకే బరువులెత్తకూడదు, మాత్రలు మానకూడదు. స్టోర్‌లో డ్యూటీ వెయ్యమని మీ సూపర్‌వైజరుతో నేను మాట్లాడతాను."

బయటికి వచ్చాక, అంతసేపు కూర్చోవడం ఎందుకు, నిలబడే చెప్పచ్చుగా అని అడిగాను. "నిలబడి చెప్పిన మాట చెవి దాకానే పోతుందే" అంది. నేను విన్నాను. అంతే, విన్నాను. బుర్రకెక్కించుకోలేదు.

అమెరికా వెళ్ళాను. ఒకటే మంచు. ప్రొఫెసరు లోపలికి రాగానే నేనొక్కదాన్నే లేచి నిలబడితే క్లాసంతా తిరిగి చూసేది. పిల్లలు ముందు బెంచీ మీద కాళ్ళు చాపుకుని, "నాకలా అనిపించడం లేదు" అని ప్రొఫెసరు మొహం మీదే అనేవారు. ఎంత పొగరో అనుకునేదాన్ని. వీళ్ళకి పొద్దున్నే టీ ఆపే పెద్దమ్మలు లేరు కాబోలని జాలిపడేదాన్ని కూడా.

మొదటి బయాలజీ పరీక్షలో గుండె ఎలా పనిచేస్తుందో వివరించమన్నారు. నా సంబరం చెప్పలేను. పుస్తకంలో ఆ పాఠమంతా నాకు కామాలతో సహా వచ్చు. ఆరు పేజీలు రాసి పారేశాను. ఎంత భక్తిగా రాశానంటే, మధ్యలో "పైన ఇచ్చిన పటం చూడండి" అని కూడా రాశాను. నా పేపరులో పైన పటమూ లేదు, గిటమూ లేదు.

పేపరు తిరిగొచ్చింది. మార్కులు లేవు. వచ్చి నన్ను కలువు అని ఎర్ర సిరాతో ఒక్క ముక్క. హాస్టల్ బళ్ళో చదివిన దాన్ని, ఆఫీసు రూముకి పిలిచారంటే బెత్తమే అని నా లెక్క. ప్రొఫెసర్లు పిలిచేది మాట్లాడ్డానికని అక్కడ అందరికీ తెలుసట. నాకెవరు చెప్పారు? తొమ్మిది రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను. దాంతో తప్పు చేసి దాక్కున్నట్టే అయింది. పదో రోజున డీన్ ఆఫీసు నుంచి ఉత్తరం. పరీక్షలో కాపీ కొట్టినట్టు అనుమానం, రుజువైతే స్కాలర్‌షిప్పు పోతుంది, వెనక్కి వెళ్ళిపోవాలి.

అప్పుడు పరుగెత్తాను. ఆయన తెల్లజుట్టు మనిషి, కేక కూడా వెయ్యలేదు. కాపీ కాదు, కంఠతం అని ఏడుస్తూ చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి ఎక్కడో ఒక పేజీలో మొదటి రెండు మాటలు చదివాడు. నేను చేతులు కట్టుకుని మిగతా పేజీ అప్పజెప్పాను. ఇంకో చోట తెరిచాడు. అదీ అప్పజెప్పాను. పుస్తకం పక్కన పెట్టేశాడు.

"నువ్వు దొంగవి కాదు. డీన్‌తో చెబుతాను. కానీ ఈ ఆరు పేజీలూ పుస్తకానివి. నీకేం తెలుసో నాకింకా తెలియదు. సెమిస్టరు అయ్యేలోగా ఇదే జవాబు పుస్తకంలోది ఒక్క వాక్యం లేకుండా రాసి తీసుకురా. లేకపోతే ఈ కోర్సులో నిన్ను పాసు చెయ్యలేను."

పాసవకపోతే స్కాలర్‌షిప్పు ఎలాగూ ఉండదు. ఓస్ ఇంతేనా అనుకుని కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. నిజంగా రాలేదు. ఏ మాట మొదలుపెట్టినా వెనకాలే పుస్తకం వాక్యం దొర్లుకుంటూ వచ్చేసేది. నా లోపల ఇన్నేళ్ళుగా అందరూ మాట్లాడారు, నేను తప్ప. ఆ రోజు పడ్డ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చిమచిమలాడుతుంది. పెద్దమ్మకి ఉత్తరం రాశాను. కోపంగా రాశాను. నువ్వు నేర్పిన కంఠతమే నన్నిలా చేసిందని రాశాను.

మూడు వారాలకి జవాబొచ్చింది.

"ఒసే పిచ్చిమొద్దూ! నేను వాక్యం కంఠతం చెయ్యమన్నాను గానీ గుండెకాయని కంఠతం చెయ్యమన్నానా? సరే, తప్పు నాది కూడా. రెంటికీ తేడా చెప్పలేదు. కంఠతం చేసింది కష్టంలో మనం చెప్పుకోడానికి. ఎదుటి మనిషికి చెప్పాలంటే సొంత నోరుండాలి. మేస్త్రీ గుర్తున్నాడా? స్టోర్‌లో బాగానే ఉన్నాడు. నిన్ను అడిగాడు. చార్టు మూసి, స్టూలు లాక్కుని, అతనికి చెప్పు. అది కాగితం మీద పెట్టు. ఏడుపు తర్వాత ఏడవచ్చు."

ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో నా ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ లాక్కున్నాను. పుస్తకం మూసేశాను. ఆ కుర్చీలో మేస్త్రీని కూర్చోబెట్టి, ముందు తెలుగులో గొణుక్కున్నాను. చూడన్నా, నీ గుండెలో నాలుగు తలుపులున్నాయి... తర్వాత దాన్ని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. రెండు పేజీలు కూడా నిండలేదు. తప్పులకి లెక్కలేదు. ప్రొఫెసరు నా ముందే చదివాడు. చదువుతూ ఒకచోట నవ్వాడు.

"ఈ తలుపులు బిగించే ఆయన ఎవరు?" అని అడిగాడు.

చెప్పాను. బి గ్రేడు వేశాడు. అంతకుముందు నూటికి తొంభైలు చాలాసార్లు వచ్చాయి నాకు. అవన్నీ ఎవరివో అనిపించాయి. ఈ బి మాత్రం నాది.

ఆ నాలుగేళ్ళూ పెద్దమ్మకి రాసే ప్రతి ఉత్తరంలో ఒక పాఠం ఉండాలని హుకుం. ఆవిడ చదివి జవాబు రాసేది. "ఈ కిడ్నీల సంగతి బాగుంది. ఆ జన్యువుల ముక్క మాత్రం మేస్త్రీకి అర్థం కాలేదు. మళ్ళీ రాయి." మేస్త్రీకి అర్థం కాలేదో, ఆవిడకే అర్థం కాలేదో! అడిగే ధైర్యం ఎవరికుంది?

పట్టా పుచ్చుకుని నేను వెనక్కి వచ్చేశాను, ఇక్కడ మన పిల్లలకి పాఠాలు చెబుతానని. అది కూడా ఆవిడ వల్లే. కానీ వచ్చిన ఏడాదికే ఆవిడకి అన్నం సయించడం మానేసింది. తను ఎనిమిదేళ్ళు తిరిగిన వార్డులోనే మంచం ఎక్కింది.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి ఇంగ్లీషులో చెప్పాడు. నర్సమ్మలంతా నా చేతులు పట్టుకున్నారు. "ఆవిడకి చెప్పకమ్మా, తట్టుకోలేదు" అన్నారు. సరేనన్నాను. ఒక వాక్యం తయారు చేసుకున్నాను. "రిపోర్టులు ఇంకా రావాలి, కంగారు పడాల్సిందేమీ లేదన్నారు." నాలుగు రోజులు ఎప్పుడడిగినా అదే చెప్పాను. ఐదో రోజు చార్టు పట్టుకుని మంచం పక్కన నిలబడి మళ్ళీ మొదలుపెట్టాను.

పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఎవరు రాసిచ్చారే నీకీ పాఠం?"

నేను చార్టులోకి చూశాను.

"నాలుగు రోజుల్నుంచి ఒక్క అక్షరం మారలేదు. బాగానే కంఠతం చేశావు. ఆ చార్టు మూసెయ్. ముందు స్టూలు లాక్కో."

లాక్కున్నాను. మోకాలు మంచానికి తగిలింది.

"పెద్దమ్మా, లివర్‌లో గడ్డ ఉంది. చిన్నది కాదు. కోసి తీసేసే చోట లేదు. మందుతో కరగదు. నొప్పి వస్తుంది. నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్లు ఇస్తారు. ఎప్పుడు ఇమ్మంటే అప్పుడు ఇప్పిస్తాను, నేను ఇక్కడే ఉంటాను. క్రిస్మస్‌కి ఊరెళ్దామనుకున్నాం కదా. వెళ్ళలేం."

ఆవిడ కిటికీ వైపు చూసింది. అవతల రూవి కొండలు ఎండకి మాడుతున్నాయి. తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, మూతి మీద మాత్రం ఆ వెక్కిరింపు పోలేదు.

"బాగా చెప్పావు. మేస్త్రీకి కూడా అర్థమవుతుంది."

అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చింది. నా ఏడుపు తగ్గాక, "ఇప్పుడు వాక్యం చెప్పు" అంది. చెప్పాను. సగంలో తడబడితే మిగతా సగం ఆవిడ అందుకుంది. మొదట్నుంచి చెప్పమనలేదు.

ఆ తర్వాత రెండు నెలలూ ఆవిడ ఏది అడిగితే అది ఉన్నదున్నట్టు చెప్పాను. రోజూ స్కూలుకి వెళ్ళేముందు ఒక గంట, వచ్చాక ఇంకో నాలుగు గంటలు ఆ స్టూలు మీదే కూర్చున్నాను. మంగళవారం పొద్దున కూడా కూర్చున్నాను. "పిల్లలకేం చెబుతావివాళ?" అని అడిగింది. ఆకులు తిండి ఎలా వండుకుంటాయో చెబుతానన్నాను. "నిలబడి చెప్పకు" అంది.

డ్రైవరుతో పాటు వెళ్ళేసరికి ఆవిడని అక్కడి నుంచి తీసుకెళ్ళిపోయారు. మంచం మీద కొత్త దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. కొక్కేనికి చార్టు లేదు. స్టూలు మాత్రం ఎవరూ జరపలేదు. నేను పొద్దున లేచి వెళ్ళిన చోటే, మంచానికి ఆనుకుని ఉంది.